మూడో రోజు హోప్ టౌన్

మా సుబ్బరామయ్య మావయ్యకు ఒకటే పిచ్చి. పోర్ట్ బ్లెయిర్‌కు చుట్టపుచూపుగా ఎవరొచ్చినా వాళ్ల యాత్రకు ప్లాను తనే వెయ్యాలి. ఏ ప్లాను వేసినా మూడో రోజు మధ్యాహ్నం హార్బర్ అవతలి హోప్ టౌన్‌లో భోజనం ఉండి తీరాలి.

డెలానీపూర్‌లో మా పక్క క్వార్టర్ ఆయనది. జైలు చూడటానికి గంట, మ్యూజియానికి అరగంట ఇచ్చేవాడు. హోప్ టౌన్‌కు మాత్రం ఒక పూటంతా. కొత్తగా పెళ్లైన జంటనూ వదల్లేదు, గుండె ఆపరేషన్ అయిన మా హెడ్మాస్టర్నూ వదల్లేదు.

“అక్కడ చూడ్డానికేముంది భయ్యా?” అని ఎవరైనా అడిగితే, “ఏమీ లేదు. అందుకే జనం ఉండరు. బిల్‌కుల్ ప్రశాంతం!” అనేవాడు.

సునామీ వచ్చిన రెండేళ్లకు, 2007 జనవరిలో, మా అత్తమామలు విశాఖ నుంచి వచ్చారు. ఉండేది నాలుగు రోజులే. ప్లానులో హోప్ టౌన్ నేను కొట్టేశాను. మావయ్య మళ్లీ రాశాడు. మళ్లీ కొట్టేశాను. ఈసారి పెద్దక్షరాలతో రాసి కింద రెండు గీతలు గీశాడు.

“బీచీలు చూద్దామని వస్తే ఊళ్లో భోజనాలేమిటి అన్నయ్యగారూ?” అంది మా అత్తగారు భారతీదేవి.

“ఫెర్రీలోంచి చూద్దురుగాని చెల్లెమ్మా. అదీ సముద్రమే.”

నేను, మా ఆవిడ, అత్తమామలు, మావయ్య ఫెర్రీలో హార్బర్ దాటి వెళ్లాం. రేకుల ఇల్లు. గోడ మీద దండ వేసిన ఫొటో. యర్రమ్మ అనే ఆవిడ వంజరం చేపల పులుసు, వేడన్నం వడ్డించింది. మా అత్తగారు సణుగుడు ఆపి రెండోసారి పులుసు పోయించుకుంది.

“నువ్వూ కూర్చో దీదీ,” అని మావయ్య పట్టుబట్టి యర్రమ్మకూ కంచం పెట్టించాడు. తన అన్నం కలపడం మానేసి, ఆమె చెయ్యి నోటిదాకా వెళ్తుందా లేదా అని చూస్తూ కూర్చున్నాడు.

చేతులు కడుక్కునేటప్పుడు సంగతేమిటని మావయ్యను అడిగాను. ఆయన గొంతు తగ్గించాడు.

“ఆవిడ భర్త దానయ్య, హట్‌బే వైపు చేపల వేటకెళ్లి సునామీలో పోయాడు. రిలీఫ్ క్యాంపులో నా డ్యూటీ ఉన్నప్పుడే చూశాను. ఒక్కతే ఉంటే పొయ్యి వెలిగించదురా. చాయ్, బిస్కెట్, అంతే. ఇంటికెవరైనా వస్తే మాత్రం వండకుండా ఉండలేదు. వండాక, మనం గోల చేస్తే తింటుంది.”

“ముందే చెప్పొచ్చుగా మావయ్యా!”

“చెప్తే జాలిపడుతూ తింటారు. ఆవిడకి కావలసింది ఆకలితో తినేవాళ్లు.”

ఇంతలో మా అత్తగారు బయటికొచ్చింది. ఆవిడకు ఇవేవీ తెలియవు.

“అల్లుడుగారూ, రేపు హావెలాక్ బీచికి వెళ్లకపోతే ఏం? ఈవిడ పీతల కూర చేస్తానంటోంది.”

వెనకే వచ్చిన యర్రమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, “రేపు ఎంతమంది వత్తారు బాబూ?” అని మావయ్యనడిగింది.

“ఎనిమిది మంది,” అన్నాడాయన తడుముకోకుండా.

మావయ్యతో కలిపి మేం ఐదుగురమే. మిగతా ముగ్గురి కోసం ఆయన అప్పుడే జెట్టీ వైపు చూస్తున్నాడు. అక్కడ టూరిస్టులెవరో ఫెర్రీ దిగుతున్నారు.