ఎడమవైపు తిరగని కారు

నా చిన్నప్పుడు టాటానగర్ బర్మామైన్స్‌లో మా సందులో ఇనుము పని తెలియని మగవాడు లేడు. కారు గురించి తెలిసినవాడూ లేడు. ఈ రెండో సంగతి మాకు కొంచెం ఆలస్యంగా బోధపడింది.

మా తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలోనే ఖలాసీగా వచ్చి, టాటానగర్ లోకోషెడ్డులో ఫిట్టరై, అక్కడే రిటైరైన మనిషి. రైలింజను విప్పి బిగించడాన్ని మించిన వినోదం ఆయన ఎరగడు. మా అమ్మ తమ్ముడు, అంటే మా చిన్నమావయ్య, కాంట్రాక్టు పనుల్లో ఉండేవాడు. ఒకరోజు ఇనుప పలక జారి అతని కుడిచేతి మీద పడింది. చివరి రెండు వేళ్ళూ పోయాయి. ఆ తరవాత ఏ కాంట్రాక్టరూ అతన్ని పిలవలేదు. ఎవరూ పొమ్మనలేదు కూడా. పనికి మనుషుల్ని ఎంచేటప్పుడు అతనివైపు చూడడం మానేశారు, అంతే.

మావయ్య మూడు వేళ్ళతో డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. తెలిసిన పెద్దమనిషి దగ్గర షెడ్డులో పడివున్న కారు ఒకటి సంపాదించాడు. కారు అనడం కంటే కారు ఆకారం అనడం న్యాయం. వెనక సీటులో అప్పటికే ఒక కోడి కాపురముంటోంది. సాక్చి బజారు పక్కన కాసిడీహ్‌లో ఒక వకీలుగారి భార్య, వాళ్ళ వీధిలోని ఆరుగురు ఆడపిల్లల్ని రోజూ బడికి దింపి తీసుకురావడానికి సోమవారం నుంచి రమ్మంది. రాకపోతే ఇంకొకతనితో మాట్లాడి పెట్టుకున్నానని కూడా ఎంతో మర్యాదగా చెప్పింది. దెబ్బ తగిలాక మావయ్యను పనికి రమ్మన్నది ఆవిడ ఒక్కతే.

చిక్కల్లా పాత ఇంజనుతోనే. మావయ్య ఒక్కడే ఎక్కినా అది ఎత్తు రోడ్డు మీద ఆయాసపడేది. ఆరుగురు పిల్లల్ని లాగడం దానివల్ల కాదు, అది తాగే పెట్రోలు పొయ్యడం మావయ్య వల్ల కాదు. అందుకని తుక్కుకి పడేసిన వ్యాను ఒకదాని డీజిలు ఇంజను చవగ్గా తెచ్చారు. పాతదానికి ఒకటిన్నర రెట్లు ఉంది. మేస్త్రీని పెట్టే స్తోమత ఎలాగూ లేదు. అవసరమూ లేదనుకున్నాం. మా సందులో ఆదివారం పూట ఎవరింట్లో ఇనుప పని పడినా పిలవకుండానే అందరూ వచ్చేవారు. పిలవకుండా వచ్చినవాడికి సలహా చెప్పే హక్కు ఉంటుంది. అదే కూలీ.

ఆ ఆదివారం మూడు ఇనుప గొట్టాలు కట్టి, గొలుసు కప్పీ వేలాడదీసి, హైలెస్సా అంటూ పాతదాన్ని పైకి లాగి కొత్తదాన్ని దింపారు. పక్కింటి వెల్డరు పెదనాన్న అది కూర్చోడానికి ఇనుప ఆసనాలు అతికాడు. ఇంజను బాగానే కూర్చుంది గాని బానెట్టు పడలేదు.

"మూత పడకపోతే అదేటి బండిరా, నోరు తెరుసుకున్న మొసలి" అని తాతయ్య ఆసనాలు కోయించి, ఇంజనును రెండు వేళ్ళ మందం కిందికి దింపించాడు. బానెట్టు టప్పున పడింది. సందంతా మెచ్చుకుంది. ఇంజను మొదటి పిలుపుకే లేచి, ఎదురింటి దండెం మీద ఆరేసిన చీరలన్నిటినీ ఒకే రంగులోకి తెచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కారు వాటిని తొక్కుకుంటూ చక్కగా ముందుకు సాగింది. నిమ్మకాయలు తొక్కడానికి బండి ఏ వైపూ తిరగనక్కర్లేదు గనక అక్కడిదాకా ఏ లోపమూ బయటపడలేదు.

ఆరుగురు పిల్లల బరువుకు బదులుగా నన్నూ రెండు బియ్యం బస్తాలనూ వెనక సీట్లో వేశారు. తాతయ్య ముందు కూర్చున్నాడు. సందు చివర కుడివైపుకు తిరిగాం. బ్రహ్మాండంగా తిరిగింది. యాభై గజాలు పోయాక, రైల్వే గోడ పక్కన రోడ్డు ఎడమకు ఒంగుతుంది. రోడ్డు ఒంగింది, మేం ఒంగలేదు. మావయ్య బ్రేకు తొక్కబట్టి కాలవకు జానెడు ఇవతల ఆగాం. వెనక్కి తీసి మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ కాలవే. మూడోసారికి సందులోని మగవాళ్ళంతా నడుచుకుంటూ వచ్చేశారు. మేం అంత దూరమే వెళ్ళాం మరి.

"నహీ ముడ్ రహా, నాన్నా" అన్నాడు మావయ్య మెల్లిగా. తిరగడం లేదని. మెడమీద చెమట కారుతోంది.

"గట్టిగా తిప్పరా. పట్టు సాల్లేదు నీకు" అన్నాడు తాతయ్య.

ఆ మాట అందరికీ వినపడింది. ఎవరో, "వేళ్ళు నేవు గదా, పాపం" అన్నారు. మావయ్య కుడిచెయ్యి స్టీరింగు మీద నుంచి తీసి మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. నేను బస్తాల మధ్య నుంచి అతని వీపు చూస్తూ కూర్చున్నాను. పదేళ్ళ పిల్ల చేయగలిగింది ఏముంటుంది? నాకు తోచిన ఒకే సాయం చేశాను: దిగితే బండి తేలికవుతుందని దిగాను. వెల్డరు పెదనాన్న మాత్రం, "కుడికే తిప్పుకుంటా పోతే సాక్చి రాదేటి?" అని నిజంగానే ఆలోచిస్తున్నాడు.

తాతయ్య తుండుగుడ్డ రోడ్డు మీద పరచి కారు కిందికి దూరాడు. నేను గొంతుకూర్చుని చూశాను. ఇంజను అడుగున నూనె తొట్టి ఉంది. దాని కిందుగా చక్రాలను తిప్పే కడ్డీ పోతోంది. తొట్టి మీద ఒకచోట కొత్తగా గీసుకుపోయి తళతళా మెరుస్తోంది. ఎడమకు తిప్పినప్పుడల్లా కడ్డీ వచ్చి అక్కడ కొట్టుకుంటోందన్నమాట. తాతయ్య ఆ మెరుపు మీద వేలు పెట్టాడు. చూడవలసింది చూడడం అయిపోయింది, కాని ఆయన బయటికి రాలేదు. చాలాసేపు అలాగే వెల్లకిలా పడుకున్నాడు. ఒకరిద్దరు ఇళ్ళకు మళ్ళడం మొదలుపెట్టారు.

అప్పుడు బయటికొచ్చి, చొక్కా దులుపుకోకుండానే, "ఉండండిరా. ఎల్లిపోకండి" అని వెళ్ళేవాళ్ళను కూడా వెనక్కి పిలిచాడు. వెల్డరు పెదనాన్నను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టాడు. "నీకు పది వేళ్ళున్నాయి గదా. ఎడమకి తిప్పు." పెదనాన్న రెండు చేతులతో వేలాడాడు. కాళ్ళు కూడా తన్నిపెట్టాడు. స్టీరింగు కదల్లేదు.

"సూసినారు గదా" అన్నాడు తాతయ్య. "ఆడి సేతికేటీ అవనేదు. ఇంజను కిందకి దించీసింది నాను. ముప్పయ్యేళ్ళు రైలింజన్లు బిగించినాను. ఒక్కదానికీ స్టీరింగు నేదు. నాకా ఊసే తోచనేదు. ఇందాక పట్టు సాల్లేదన్నాను. ఆ మాట తప్పు."

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ఇంత మంచి అవకాశం మా సందు వదులుకోవడం నేను మరి చూడలేదు.

తప్పు ఒప్పుకోగానే కారు బాగుపడిందని రాయాలని నాకూ ఉంది. అలా జరగలేదు. అందరూ కలిసి దాన్ని వెనక్కి నెట్టుకొచ్చారు. మర్నాడు సాక్చి నుంచి వచ్చిన సర్దార్జీ మేస్త్రీ వంగి చూసి, తల ఊపి, ఇంజను మళ్ళీ పైకెత్తాల్సిందే, నాలుగు రోజుల పని అన్నాడు. మావయ్య అప్పటికే సైకిలు మీద కాసిడీహ్ వెళ్ళి, బండి ఈ వారం రాదని ఆవిడతో చెప్పి వచ్చేశాడు. పిల్లలు వేరే బండి ఎక్కుతుండగా చూశాడట. ఆవిడ ఆ రోజు కూడా మర్యాదగానే మాట్లాడింది. తరవాత అతను, ఇంజను పైకెత్తాక మళ్ళీ పడని బానెట్టును తాడుతో కట్టుకుని, సాక్చి బజారు కిరాయిలతో ఎలాగో నెట్టుకొచ్చాడు. ఆరుగురు పిల్లల బేరంలాంటిది మాత్రం మళ్ళీ దొరకలేదు. తాతయ్య అన్న మాటల వల్ల దక్కింది ఒక్కటే. అతని చెయ్యి గురించి మా సందులో మళ్ళీ పాపం అన్నవాళ్ళు లేరు.

తాతయ్య ఆ మాట రాత్రి ఇంట్లో మావయ్య ఒక్కడికే చెప్పి ఊరుకోవచ్చు. అదీ ఒప్పుకోవడమే. కాని పదిమందిలో అన్నది పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలని ఆయన వెళ్ళేవాళ్ళను ఆపాడు. ఇన్నేళ్ళలో నేనూ నలుగురి ముందు నా పిల్లల్ని, కోడల్ని, నా కింద పనిచేసినవాళ్ళను అనరాని మాటలు అన్నాను. తప్పు నాదని తెలిశాక వాళ్ళను పక్కకు పిలిచి చెప్పాను. అది సగం పనేనని నాకు తెలుసు. మిగతా సగానికి ఆ నలుగురినీ మళ్ళీ పోగెయ్యాలి. చాలాసార్లు, ఆ మాట చెప్పడానికి నేను లేచేసరికి వాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు.