సున్నం కింద ఎలీసమ్మ

ఇమ్మానియేలు గురించి చెప్పాలంటే ముందు నన్ను నేను తిట్టుకోవాలి. ముప్ఫై ఏళ్ళు స్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యాను, ఏం లాభం? బొమ్మల సంగతి నాకంటే ఎవడికి తెలుసనే తెగులు మాత్రం పోలేదు.

గుంటూరులో మేం నలుగురం కలిసి చిన్న గ్యాలరీ నడుపుతున్నాం. మొన్న నవంబరులో శిల్పాలను జంటలుగా పెట్టి ప్రదర్శన చేశాం. యాభై ఏళ్ళ నాటి మనిషి బొమ్మ ఒకటి, పక్కనే ఇప్పటిది ఒకటి. హారిక అనే అమ్మాయి చీమకుర్తి నల్లరాతిలో మిరపకాయల తొడిమలు తీసే కూలిమనిషిని చెక్కింది. కంటి కింద ముడతలు కూడా లెక్కపెట్టొచ్చు. దానికి పాతకాలపు జోడీ కోసం వెతుకుతుంటే ఇమ్మానియేలు ఇంటి ముందున్న సిమెంటు బొమ్మ సంగతి తెలిసింది.

అతనిది చీమకుర్తి దగ్గర పల్లె. వయసు యాభై దాటింది. గ్రానైట్‌కి పాలిష్ పట్టే పని. మాట తక్కువ, దగ్గు ఎక్కువ. ఆ బొమ్మ వాళ్ళమ్మ ఎలీసమ్మది, నెత్తిన మిరపకాయల గంపతో నిలబడి ఉంటుంది. ఆ ఊళ్ళో కొన్నాళ్ళున్న ఒక డ్రాయింగు మాస్టారు ఆమెను ఎదురుగా నిలబెట్టి చేశాడట. ఆ ఏడాదే ఆమె పాము కరిచి పోయింది. ఇమ్మానియేలుకి అప్పుడు ఏడాదిన్నర. ఒక్క ఫోటో లేదు. అతనికి అమ్మంటే ఆ బొమ్మే. రోజూ పనికి పోతూ దాని చెంప తడిమి పోతాడు. నేను వెళ్ళిన రోజూ తడిమాడు, నా ముందు సిగ్గేమీ పడలేదు.

ఏటా క్రిస్మస్‌కి ఇంటితో పాటు బొమ్మకీ సున్నం వేస్తారు. యాభై ఏళ్ళ సున్నం కింద గంప అల్లికా, చీర కుచ్చెళ్ళూ పూడిపోయాయి. ముఖం మాత్రం తెలుస్తూనే ఉంది. కాస్త వంగిన ముక్కు, నిండు చెంపలు.

"ఈ సున్నం గీకేస్తే అసలు పనితనం బయటపడుతుందయ్యా" అన్నాను.

"అమ్మ ఇంకా బాగా కనపడుద్దంటారా సార్?"

"ఇన్నాళ్ళూ నువ్వు ముసుగు చూశావు. నేను మనిషిని చూపిస్తా."

"అయితే గీకండి. ఒక్కసారన్నా సరిగ్గా చూడాలని ఉంది నాకు" అన్నాడు.

బొమ్మని గ్యాలరీకి తెప్పించి వెదురుబద్దా నీళ్ళూ పెట్టుకుని మూడు రోజులు నేనే కూర్చున్నాను. ఒంటి మీద సున్నం పెచ్చులుగా లేచొచ్చింది. ముఖం దగ్గర మాత్రం వేలెడు మందం. ఏ మహానుభావుడు ఇంత మెత్తాడో అని విసుక్కుంటూ గీకాను. అడుగున ఏమీ లేదు. ముక్కు లేదు, కళ్ళు లేవు, కోడిగుడ్డులా నున్నటి సిమెంటు. నాకు పట్టరాని సంతోషం వేసింది. ఆ కాలపు శిల్పులు కొందరు కావాలనే ముఖం వదిలేసేవాళ్ళు. ముడతలన్నీ ఉన్న ముఖం పక్కన అసలు ముఖమే లేని మనిషి, ఇంతకంటే జోడీ ఏం కుదురుతుంది? 'ముఖం లేని శ్రమ' అని చీటీ రాసి పెట్టాను. ఇమ్మానియేలు ఒక్కసారి కూడా గుర్తురాలేదు.

ప్రారంభం రోజు అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బొమ్మ ముందు నుంచే నడిచిపోయి, హాలంతా తిరిగి నా దగ్గరికొచ్చాడు.

"మా అమ్మేదండీ?"

చూపించాను. గంప చూశాడు, కుచ్చెళ్ళు చూశాడు. అలవాటుగా చెంపకి చెయ్యెత్తాడు. చెంప ఉండాల్సిన చోట చేతికేమీ తగల్లేదు. చెయ్యి దించుకుంటూ అన్నాడు.

"మా నాయన ఒళ్ళంతా కుంచెతో వేసేవాడు సార్. ముఖానికి మాత్రం సున్నం ముద్ద చేసి, బొటనవేలితో పెట్టేవాడు. పొద్దున మొదలెడితే మధ్యాహ్నం దాకా అదే పని. ఎందుకింతసేపంటే కసురుకునేవాడు. నాయన పోయాక నేను పైపైన కుంచె ఆడించానంతే."

ఆ ముఖం మాస్టారు చేసింది కాదు. ఎలీసమ్మతో కాపురం చేసిన మనిషి, మర్చిపోతానేమోనన్న భయంతో, ఏటా కాస్త కాస్త దిద్దుకున్న ముఖం.

"ఆ సున్నం ఏది సార్?"

"మున్సిపాలిటీ బండిలో..." అన్నాను.

హారిక ఏడ్చేసింది. బొమ్మ గ్యాలరీకి వచ్చిన రోజు తీసిన ఫోటో తన ఫోన్లో ఉందనీ, చూసి చేసిస్తాననీ అంది.

"నువ్వు చేస్తే నీ చెయ్యి పడుద్దమ్మా. అది నాయన చెయ్యి" అన్నాడు ఇమ్మానియేలు.

మా వెనక ఎవరో పెద్దమనిషి, ముఖం లేకపోవడంలోనే గొప్పంతా ఉందని పక్కాయనకి వివరిస్తున్నాడు. ఆయన్ని కొట్టాలనిపించింది. నిజానికి కొట్టాల్సింది నన్ను.

డిసెంబరులో బొమ్మని చిన్న లారీలో ఎక్కించి నేనే తీసుకెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. వాళ్ళింట్లో సున్నాలు వేస్తున్నారు. ఇమ్మానియేలు బొమ్మకి కుంచెతో ఒళ్ళంతా వేశాడు. మెడ దగ్గరికొచ్చాక కుంచె కింద పెట్టి, సున్నం ముద్ద అరచేతిలోకి తీసుకుని నా వైపు తిరిగాడు. కోపమేమీ లేదు. కోపమున్నా బాగుండేది.

"చెంప నా చేతికి గుర్తుంది సార్. లోపల నాయన ఎట్టా మొదలుపెట్టాడో మీకే తెలుసు. ముందు ముక్కు పెట్టాడా, కళ్ళా? ఒక్కో పొరా తీసింది మీరే గదా, చెప్పండి."

అతని చేతిలో సున్నం ఆరిపోతోంది. ఆ మూడు రోజులూ నేను చూడలేదు, గీకానంతే.