అద్దానికి వేలాడే తూటా

ఈ ఉదయం సల్వాలో మా ఇంటి ముందు బండి కడుగుతుంటే, పక్కింట్లో కొత్తగా చేరిన గోదావరి డ్రైవరు లోపలికి తొంగిచూసి, "ఆ అద్దానికి ఏలాడేదేంటండీ, పువ్వా?" అని అడిగాడు. పువ్వే మరి! విచ్చిన పత్తికాయలా రెక్కలు తెరుచుకున్న రాగి పువ్వు. జింక ఒంట్లోంచి తీసిన తూటా అది. మా బాబా, అంటే నాకు వీసా ఇచ్చి డ్రైవరుగా పెట్టుకున్న అరబ్బు యజమాని, నా కఫీల్, దాన్ని గొలుసుకు తగిలించి వేలాడదీశాడు. బండి ఎక్కిన ప్రతివాడికీ దాని గొప్ప చెబుతాడు. లోపల ముక్కలు కాలేదట, మాంసం పాడుచేయలేదట, ఎంత ముద్దుగా విచ్చుకుందో చూడమంటాడు. అది ఏ జింక అని ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు. గోదావరి అతనూ అడగలేదు.

వఫ్రా వైపు బాబాకు ఒక మజ్రా ఉంది. మజ్రా అంటే తోట. టమాటాలు, మేకలు, కంచె లోపల జింకల మంద. వాటికి కాపలా మా బావ, మా అక్క మొగుడు. జగిత్యాల దగ్గర పల్లెలో మేకలు కాసుకునే మనిషిని నేనే బాబాను బతిమాలి ఇక్కడికి రప్పించాను. నోరు తక్కువ, మొండితనం ఎక్కువ. ఒక ఏడు ఈనుతూ తల్లి జింక చచ్చిపోతే, ఆ పిల్లకు సీసాతో మేకపాలు పట్టి బతికించాడు. దానికి చలి పెడుతుందని నడి ఎండాకాలంలో గదిలో ఏసీ ఆపి, తాను చెమటలో నానాడు. పేరంటూ పెట్టలేదు, "బిడ్డా" అనేవాడు. ఊళ్లో ఉన్న కూతురితో ఫోన్లో మాట్లాడుతూ "బిడ్డా" అంటే చాలు, ఇది పరుగున వచ్చి మోకాళ్లకు తల రుద్దేది. అక్కడ అదీ ఇక్కడ ఇదీ ఒకేసారి పలుకుతుంటే ఆ మొండి మొహం మీద నవ్వు చూడాలి!

చలికాలం వస్తే బాబా స్నేహితులు తుపాకులు పట్టుకుని దిగేవాళ్లు. బావకు అదే దిగులు. "నువ్వు జర చెప్పు బామ్మర్దీ, దీన్ని ఇడిసిపెట్టుమను. నా జీతంల కోసుకోమను" అని నా వెంట పడ్డాడు. చెప్పాను. బాబా నవ్వి, గుండె మీద చెయ్యి వేసుకుని, "ఖలాస్, ఇక మాట లేదు, అది నీదే" అన్నాడు. బావ సంబరం ఇంతా అంతా కాదు. మందలో తేడా తెలియాలని దాని మెడకు ఎర్ర గుడ్డ కట్టాడు. మా వైపు అంగడికి తోలే మందలో అమ్మకూడని దానికి అలాగే గుడ్డపేలిక కడతారు. నాకూ ఆ ఆలోచన భేషుగ్గా తోచింది. ఇక్కడి గొర్రెల సంతలో మాత్రం బేరం కుదిరి కోతకు పోయేదానికి వీపున ఎర్ర రంగు పూస్తారు. అది రోజూ చూసేవాళ్లమే, మా ఇద్దరిలో ఒక్కడి బుర్రకూ తట్టలేదు.

ఆ చలికాలం ఒక శుక్రవారం వచ్చిన అతిథి కొత్త రకం తూటాలు తెచ్చాడు. అవి జింక మీద ఎలా పనిచేస్తాయో చూడాలని వాడి ఉబలాటం. బాబా లోపల చాయ్ తాగుతున్నాడు. అతిథి కంచె దగ్గరికి నడిచాడు, ఎర్ర గుడ్డ చూశాడు, తన కోసం ఎంచి ఉంచారనుకుని మురిసిపోయాడు. నేను "లా, లా!", వద్దు వద్దని అరిచేలోపే పేల్చాడు. పాపం, అది మందలోకి పారిపోలేదు. తిన్నగా దాణా బకెట్ పట్టుకుని నిలబడ్డ బావ దగ్గరికి పరుగెత్తుకొచ్చి, ఆయన కాళ్ల మీద కూలింది.

ప్రాణం పోకముందే గొంతు కోస్తేనే హలాల్ అని అతిథి కత్తితో ఉరికొచ్చాడు. తోలు తీసి తూటా వెతికే పని మాత్రం బావదే. రోజూ చేసే పనే కదా అనుకున్నారు! బావ తోలు ఒలిచాడు. అవతలి పక్క తోలు కింద ఆగి ఉన్నదాన్ని తీసి, కడిగి ఇచ్చాడు. అతిథి దాన్ని అరచేతిలో ఆడిస్తూ ఏదో గలగలా పొగుడుతున్నాడు.

"ఏమంటుండు వాడు?" అన్నాడు బావ.

"మంచి గుండట బావా. మాంసం ఖరాబు గాలేదట."

"అవునా" అన్నాడు, అంతే. తర్వాత ఆ ఎర్ర గుడ్డ ఉతికి తీగ మీద ఆరేశాడు. సంగతి తెలిసిన బాబా, అతిథి కానుకగా ఇచ్చిన ఆ తూటాను జేబులో వేసుకుని, "మాలేష్, పోనీలే, ఇంకోటి పెంచుకో" అని బావ భుజం తట్టాడు. వాడి భుజం తట్టుడు మీద మన్నుబొయ్య! ఇంకోటట!

బావ ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. జింకలకు దాణా వేస్తాడు, నీళ్లు పెడతాడు, ఒక్కదానినీ పిలవడు. ఊళ్లో కూతురిని కూడా ఫోన్లో పేరు పెట్టే పిలుస్తున్నాడట. నాన్నకు నా మీద కోపమా అని అది అక్కను అడిగిందట. ఏం చెప్పమంటారు ఆ పిల్లకు? ఇన్నేళ్లలో ఆ రాగి ఎప్పుడో నల్లబడి, ఎవరి కంటా పడకుండా పోవాల్సింది. కానీ బండి అద్దంతో పాటు దాన్నీ రోజూ తుడిచి మెరిపించాలని బాబా హుకుం, కాలం మసిబార్చినదాన్ని మళ్లీ తెల్లారేసరికి నా చేతి గుడ్డే కొత్తది చేస్తోంది.