చెడ్డ నెత్తురు

పందొమ్మిదివందల యాభైల్లో నా రెండో కాన్పు ఆదోని ఆసుపత్రిలో అయింది. ఎమ్మిగనూరు నుంచి మా అత్త తోడు వచ్చింది. బిడ్డ బయటపడగానే నర్సమ్మ నా తొడకు సూది వేసింది. నెత్తురు ఎక్కువ పోకుండా ఆపే మందట.

అత్త గొంతు పెంచింది. "చెడ్డ నెత్తురు పోవాల కదమ్మా! ఆపితే ఎట్లా?"

కాన్పయ్యాక ఎంత నెత్తురు పోతే ఒళ్లు అంత శుద్ధి అని మా ఇళ్లల్లో నమ్మకం. బిడ్డ మొహమైనా చూడకముందే ఈ పంచాయితీ ఏమిటని నాకు ఒళ్లు మండింది.

నర్సమ్మ అత్త చెయ్యి పట్టుకుని నా పొత్తికడుపు మీద పెట్టింది. "సూడవ్వా, గర్భసంచి టెంకాయ మాదిరి గట్టిపడింది. ఇట్లుంటే నెత్తురు ఆగుతాది, భయం లేదు."

అత్త ఒకటికి రెండుసార్లు ఒత్తి చూసింది. ఆమె మొహం మారిపోయింది.

"నా కూతురి కడుపు మెత్తగా ఉండె," అంది మెల్లగా. నేను కాపురానికి రాకముందే కాన్పులో పోయిన మా ఆడబిడ్డ మాట ఆమె అంతవరకు ఎన్నడూ నా ముందు ఎత్తలేదు. "పక్కంతా తడిసిపోతాంటే, మంచిదేలే, చెడ్డదంతా పోతాందని నేనే అందరికీ సెప్తి."

నర్సమ్మ మనవణ్ణి తుడిచి అందిస్తే, అత్త నా పక్కలో పడుకోబెట్టమంది. తన చెయ్యి మాత్రం సాయంత్రం దాకా నా కడుపు మీద నుంచి తీయలేదు.