కాంటా మీద అల్లిన టోపీ

ఆ మిల్లులో అందరికంటే ముందు వినిపించేది దశరథం నవ్వే. మేనేజరు బాపురావు ఏదైనా హాస్యమాడబోతున్నాడని అనిపిస్తే చాలు, మాట పూర్తికాకముందే నవ్వేసేవాడు. ఒకసారి బాపురావు తన మేనమామ పోయిన కబురు చెప్పబోయాడు. దశరథం అప్పటికే సగం నవ్వేశాడు. మిగతా సగాన్ని దగ్గులోకి మళ్లించి, కళ్లు తుడుచుకుని ఎలాగో బయటపడ్డాడు.

బోధన్ దాటి వర్ని వైపు పోయే దారిలో ఒక సేటు పెట్టిన చిన్న చక్కెర మిల్లు అది. దీపావళి తర్వాత చెరుకు ఆడించడం మొదలుపెడితే ఎండలు ముదిరేదాకా నడిచేది. దశరథం అక్కడ కాంటా గుమస్తా. రైతులు తెచ్చిన చెరుకు బండ్లను తూచి చిట్టీ రాసివ్వడం అతని పని. సీజనుతోపాటే ఆ పనీ అయిపోయేది. మిగతా కాలమంతా నిజామాబాద్‌లో బావమరిది సైకిల్ షాపు ముందు కూర్చుని, "వచ్చే సీజన్ల పర్మనెంట్ అయితున్న" అని చెప్పేవాడు. ఏళ్లుగా చెబుతూనే ఉన్నాడు. అందుకు పని బాగా చేయాలన్న ఆలోచన అతనికి ఎన్నడూ రాలేదు. పైవాళ్ల ముందు వంగితే చాలనుకున్నాడు. బాపురావు ఏకాదశి ఉపవాసం ఉంటే తానూ ఉండేవాడు, ఇంటికి పోయి జొన్నరొట్టెలు తినేదాకా.

పంతొమ్మిది వందల అరవైల్లో ఒక చలికాలం బాపురావు పుణె నుంచి కూతురికి బొమ్మ తెచ్చాడు. పసుపు రంగు జుట్టు, పడుకోబెడితే కళ్లు మూసుకునే బొమ్మ. ఆ పిల్లను అందరూ బేబీ అనేవారు. ఒకనాడు పొద్దున్నే దశరథం కాంటా గది తాళాల కోసం మేనేజరు బంగ్లాకు వెళ్లేసరికి బేబీ వరండాలో కూర్చుని ఏడుస్తోంది. బొమ్మకు సర్ది పట్టిందట.

"ఊలు టోపీ పెడితే తగ్గిపోతది బేటీ. కానీ ఈ ఊళ్లో ఎవరల్లుతరు?" అంది తల్లి రాధాబాయి. పిల్లను ఊరుకోబెట్టడానికి అన్న మాట అది. దశరథం దాన్ని హుకుం కింద జమకట్టాడు.

"మా ఇంట్ల అల్లుతరు బాయిసాబ్. సర్ది ముదరకముందే తెస్త," అన్నాడు.

అతని భార్య రేణుకమ్మ పెళ్లికి ముందు మిషన్ దవాఖానలో ఆయాగా చేసింది. అక్కడి నర్సమ్మ దగ్గర అల్లిక నేర్చుకుంది. భర్త చెప్పింది విని, చేటలో బియ్యం చెరుగుతున్నదల్లా ఆపింది.

"బొమ్మకు సర్దయిందా?"

"బేబీ బొమ్మకు."

"జరం గూడ ఉన్నదా? ఉంటే నువ్వే పోయి పక్కన కూసో."

"నవ్వులాట గాదు రేణుకా. నువ్వు గిది అల్లిస్తే మన నౌకరి పర్మనెంట్ అయితది."

"పోయిన చలికి నా సెవులు కొయ్యబారినయి. ఒక్క ఉండ ఊలు తెచ్చినవా? పానమున్నోళ్లకైతే అల్లుత. సూదులు గూట్లె ఉన్నయి, నీకు గంత భక్తి ఉంటే నేర్పుత."

ఆమె వెటకారానికే అంది. అతను నిజంగానే సూదులు తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. మర్నాడు బజారుకు పోయి ఎర్ర ఊలు కూడా తెచ్చాడు. రేణుకమ్మ నవ్వాపుకుంటూ నేర్పింది. ఎదురు కుట్టు సీదా, తిరగ కుట్టు ఉల్టా. తల కొలత ఏదని అడిగింది. మేనేజరు గారి బొమ్మ తలను ముట్టుకునే ధైర్యం దశరథానికి లేదు. కంటితోనే అంచనా కట్టి, అంత లావున్న బత్తాయి పండు ఒకటి ఏరుకొచ్చాడు.

చేయి తిరగలేదు. అల్లింది విప్పడం, విప్పింది అల్లడం. ఇంట్లో పని సాగక సూదులు, ఊలు, బత్తాయి కాంటా గదికి చేరాయి.

కొట్టిన చెరుకు ఎండలో ఎంతసేపుంటే అంత తూకం పోతుంది. బయట బండ్ల వరస గేటు దాటి రోడ్డెక్కింది. లోపల దశరథం నాలుక పళ్ల మధ్య పెట్టుకుని అల్లుతున్నాడు.

"సారూ, పొద్దుగాల వచ్చిన. చెరుకంత ఎండుతున్నది. జర తూకం వెట్టున్రి," అన్నాడు చందూరు రైతు లింబాద్రి, కిటికీలో తల పెట్టి.

"ఆగు. నడుమల ఆపితే కుట్టు జారుతది."

"నా చెరుకు జారుతున్నది సారూ!"

"నువ్వు మాట్లాడకు. లెక్క తప్పుతది."

బల్ల మీద బత్తాయి కూడా ఎండుతోంది. అది ముడుచుకుంటున్న కొద్దీ దశరథం కుట్లు తగ్గిస్తూ పోయాడు. కొలత అంటే కొలతే.

చివరికి లింబాద్రి బండికి పిలుపొచ్చింది. ఎడ్లు కాంటా పలక ఎక్కుతుంటే దశరథం కళ్లు సూదుల మీదే ఉన్నాయి. "సీదా... సీదా..." అని గట్టిగా చదువుకుంటున్నాడు. లింబాద్రి బండిని నేరుగా తోలాడు. ఇంతలో దశరథానికి తప్పు కుట్టు కనబడింది.

"అరే, ఉల్టా! ఉల్టా!" అని అరిచాడు.

వెనక్కి తిప్పమంటున్నాడనుకుని లింబాద్రి పగ్గం లాగాడు. ఎడ్లు బెదిరాయి. ఒక చక్రం పలక దిగిపోయింది, బండి పక్కకు ఒరిగి చెరుకంతా నేలపాలైంది. ఎడ్లకు దెబ్బ తగల్లేదు, అదొక్కటే అదృష్టం. రైతులంతా కేకలు వేస్తూ కాంటా గదిని చుట్టుముట్టారు. బాపురావు పరిగెత్తుకొచ్చాడు.

"ఏంది దశరథం? చేతిల ఏముంది?"

"టోపీ సాబ్. బేబీ బొమ్మకు సర్దయింది గద."

బాపురావు కోపం ఎటు పోవాలో తెలియక కాసేపు అతని మొహంలోనే నిలబడింది. తర్వాత రైతుల మీదికి తిరిగింది. "బండి తోలుడు రాదా మీకు? సీదా ఏందో ఉల్టా ఏందో తెల్వదా?"

లింబాద్రి రుమాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "తెల్సు సాబ్. గిన్నొద్దులు కాంటా కాడ మాకే టోపీ వెడ్తున్నరనుకున్న. బొమ్మలకు సుత వెడ్తున్నరని గిప్పుడే ఎరుకైంది."

అలవాటు కొద్దీ దశరథమే ముందు నవ్వాడు. బాపురావు నవ్వడం లేదని చూసి ఠక్కున ఆపాడు. అప్పటికి రైతులందరూ అందుకున్నారు.

ఆ సాయంత్రమే టోపీని కాగితంలో చుట్టి బంగ్లాకు పట్టుకుపోయాడు. బేబీ బొమ్మ తల మీద పెట్టి నొక్కింది. అది నడినెత్తి దాటి కిందికి దిగలేదు.

"చిన్నగున్నది," అంది బేబీ. "అయినా దానికి సర్ది తగ్గిపోయింది. రేపు దాని పెండ్లి."

రాధాబాయి టోపీని అటూ ఇటూ తిప్పి, చాయ్ పళ్లెంలో ఉన్న చక్కెర గిన్నె మూత మీద బోర్లించింది. సరిగ్గా పట్టింది. "అచ్ఛా అల్లినవ్ దశరథం," అంది. అతను ఇంటిదాకా తేలిపోతూ వచ్చాడు.

లింబాద్రి మిగిలిన చెరుకు మిల్లుకు తేలేదు. చందూరు వాళ్లంతా కలిసి పొలాల్లోనే గానుగ కట్టి బెల్లం వండుకున్నారు. చెరుకు చాలక మిల్లు హోళీకే ఆగిపోయింది. ఆ ఏడు ఎవరూ పర్మనెంట్ కాలేదు. దశరథం ఎప్పటికంటే ముందే సైకిల్ షాపు చేరాడు.

"బంగ్లాల నా చేతిపని ఉన్నది. పొద్దున లేస్తే వాళ్ల చాయ్‌ల చక్కెర నా టోపీ కిందికెల్లే రావాలె," అని వచ్చిపోయేవాళ్లకు చెప్పాడు. ఇంట్లో రేణుకమ్మ మిగిలిన ఎర్ర ఊలుతో తన చెవులకు పట్టీ అల్లుకుంది.

మరుసటి సీజనుకు బాపురావు బదులు కొత్త మేనేజరు వచ్చాడు. పెళ్లి కాలేదు, పిల్లల్లేరు. దశరథానికి కొన్నాళ్లు దిక్కు తోచలేదు. ఆయనకు భజనలంటే ప్రాణమని తెలిసిన వారంలోనే, ఎవరిదో పాత హార్మోనియం ఒకటి నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చాడు.

రేణుకమ్మ గడప దగ్గరే ఆపింది.

"ఇంట్లకు వద్దు, కాంటా కాడనే నేర్సుకో," అంది. "చెరుకంత గానుగలకే పోతున్నది, గిప్పుడక్కడ బండ్లు లేవు గద, ఎడ్లు బెదరయి."