రెండు డ్యూటీల మనిషి

మా ఆయన అమరచింత దగ్గర ఒక కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్. అక్కడ ఒక్కో స్విచ్ ఒక్కో ఊరి లైనుది. ఏ ఊరి పొలాలకు కరెంటు ఇవ్వాలి, ఎక్కడ ఆపాలి, ఏ లైను మీద లైన్‌మన్ ఎక్కి ఉన్నాడు, అన్నీ ఆయన తలలోనే ఉండాలి. పైగా ఫోను ఊరుకునేది కాదు. తోటి ఆపరేటర్ రిటైరయ్యాక ఆ చోటికి ఎవరినీ పంపలేదు. రెండు డ్యూటీలూ ఈయనే చేశాడు.

ఇంటికొచ్చాక ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేవాడు. బిడ్డను పిలవబోయి ఏదో ఊరి పేరు అనేవాడు. మొదట నవ్వుకున్నాం, తర్వాత నాకు భయమేసింది. వనపర్తి దవాఖానకు తీసుకుపోతే డాక్టరు, ఒంట్లో రోగమేమీ లేదు, మెదడు అలిసిపోయింది, కొన్నాళ్లు పనికి పోవద్దన్నాడు. ఆ మాట చెప్పి సెలవడిగితే పై ఆఫీసరు మనుషులు లేరన్నాడు. కూర్చుని చేసే పనికి అలసటేమిటని కూడా అన్నాడట.

ఒక మధ్యాహ్నం నేను అన్నం తీసుకుని పోయాను. నేను అన్నా అని పిలిచే లైన్‌మన్ నా ముందే లైను ఆపించుకుని, రోడ్డు పక్కన స్తంభం ఎక్కాడు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు. అంతలో ఫోను మోగింది. పల్లి చేను ఎండిపోతున్నది, కరెంటియ్యమని ఒక రైతు కేకలు. ఈయన ఇస్తున్నానంటూ అన్న ఆపించిన లైను స్విచ్ మీదే చెయ్యి వేశాడు.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. "ఏం జేస్తున్నవ్? అన్న ఇంకా స్తంభం మీదనే ఉన్నడు."

ఆయన కిటికీ వైపు చూసి అక్కడే కూలబడ్డాడు. అన్న దిగొచ్చి సంగతి విన్నాడు. నేను తెచ్చిన గిన్నె విప్పి, ఈయన పక్కనే కూర్చుని ఇద్దరికీ అన్నం కలిపాడు.

మర్నాడే ఈయన ఆఫీసుకు పోయి, జరిగింది చెప్పి, ఇక స్విచ్ పట్టనన్నాడు. గద్వాలలో సామాన్ల గోదాముకు మార్చారు. ఆ కుర్చీలోకి కొత్తగా చేరిన అబ్బాయి వచ్చాడు. అతనికీ రెండు డ్యూటీలే వేశారు.

ఎండాకాలం దాటకముందే అన్న స్తంభం మీదే చనిపోయాడు. లైను ఆపిన సంగతి మరిచి ఆ అబ్బాయి కరెంటు వదిలాడు.

విచారణకు ఎవరూ పిలవకపోయినా మా ఆయన పోయాడు. నేనూ వెంట ఉన్నాను.

"మనిషి కండ్లు తెరిచే ఉంటయి సార్, లోపల తెలివి ఉండదు. నాక్గూడ గట్లనే అయింది. అప్పుడే చెప్పిన గదా" అన్నాడు.

ఆఫీసర్లు విన్నారు, చాయ్ తెప్పించారు. అబ్బాయి ఉద్యోగం తీసేశారు.

తర్వాత అన్న భార్యను చూడటానికి పోయాం. ఆమె గోడకానుకుని కూర్చుని మా ఆయనను అడిగింది. "అన్నా, ఆడ నువ్వే ఉంటే ఆయన బతుకుతుండెనా?"

"తెల్వదు చెల్లె. నేనుంటే ఇంకా ముందుగాలనే పోతుండెనేమో."

ఆమె బస్సు దాకా వచ్చి మమ్మల్ని ఎక్కించింది.