ఆరో పాటకు ముందు శాలువా

మొన్న ఎడిసన్‌లో కూరగాయల కొట్లో సోయకూర కట్ట వాసన చూస్తే, పార్సిప్పనీలో మేము అద్దెకున్న అపార్ట్‌మెంట్ మెట్లు గుర్తొచ్చాయి. 2003 చలికాలం, నాకు పదమూడేళ్లు, ఇండియా నుంచి వచ్చి రెండేళ్లు. మా ఇంటి ఇంగువ తిరగమోతా, కింద ఇంట్లో సోయకూర వేసి కాచే బీట్‌రూట్ సూపూ ఆ మెట్ల మీదే కలిసేవి. తడి బూట్లకీ, చేతి తొడుగులకీ, పార్కింగ్ లాట్‌లో మేం క్రికెట్ ఆడే టెన్నిస్ బంతికీ అదే వాసన.

కింద ఇంట్లో లూద్మిలా ఆంటీ ఉండేది. మాస్కోలో కచేరీలు చేసిన గాయని, ఇక్కడ మందుల షాపులో క్యాషియర్. నాకు పియానో నేర్పేది, తప్పు వాయిస్తే పెన్సిల్‌తో వేళ్ల మీద ఒకటిచ్చేది. ఆ మార్చిలో లైబ్రరీ హాల్లో కచేరీ పెట్టుకుంది: అన్నీ ఇరవయ్యో శతాబ్దపు రష్యన్ పాటలు, చివర్లో వరసగా పాడాల్సిన ఆరు పాటల మాల. ఒక సంగీత పాఠశాల డైరెక్టరు వచ్చి విని, నచ్చితే టీచరుగా తీసుకుంటానన్నాడట. ఆంటీకి ఉన్న భయమల్లా ఖాళీ కుర్చీలే. పదిమందిని తెమ్మని అమ్మనడిగితే, అమ్మ నలభైమందిని తోలుకొచ్చింది. పట్టుచీరల కింద మంచు బూట్లు, లాబీలో ట్రేలకొద్దీ పులిహోర.

నా పని పియానో వాయించే ముసలాయన పక్కన నిలబడి పేజీలు తిప్పడం. ఆరు పాటలూ అయ్యేదాకా చప్పట్లు కొట్టొద్దని మీవాళ్లకి చెప్పమంది ఆంటీ. కుర్చీ కుర్చీకీ వెళ్లి చెప్పాను.

"ఎంకరేజ్ చెయ్యకపోతే ఆవిడకి మూడ్ ఎలా వస్తుందమ్మా?" అన్నాడు మూర్తి అంకుల్, మా తెలుగు సంఘం కార్యదర్శి.

"ప్లీజ్ అంకుల్."

"సరేలే, చేతులు జేబులో పెట్టుకుంటా."

నిజంగానే ఒక్కరూ కొట్టలేదు. ఐదో పాట చివర ఆమె గొంతు సన్నబడి, సన్నబడి ఆగింది. ఆరోదానికి ముందు కళ్లు మూసుకుని నిలబడింది. కచేరీ అయిపోయిందనుకుని మూర్తి అంకుల్ వేదికెక్కి ఆమె భుజాల చుట్టూ శాలువా కప్పాడు. చప్పట్లు వద్దన్నాను గాని శాలువా వద్దనలేదు. సన్మానం లేకుండా మనవాళ్ల సభ ముగియదని నాకు తట్టొద్దూ? అప్పటిదాకా బిగబట్టుకున్న చప్పట్లన్నీ ఒక్కసారిగా మోగాయి. ముసలాయన పియానో మూత దించేశాడు.

ఆంటీ నావైపు చూసింది. "ఇంకో పాట ఉంది" అనడానికి మూడు ముక్కలు చాలు. అంతమంది పెద్దల ముందు అంకుల్‌ది తప్పని చెప్పడానికి నోరు పెగల్లేదు. ఇవాళ నా నోటికి భయపడి జనం ఫోన్లెత్తరు. ఆరోజు మాత్రం అది పనిచెయ్యలేదు. ఆంటీ వంగి నమస్కరించి వేదిక దిగింది. డైరెక్టరు పులిహోర తిని, బాగుందని చెప్పి వెళ్లిపోయాడు. ఉద్యోగం రాలేదు.

"వాడికి మొదట్నించీ ఆ ఉద్యోగం ఇవ్వాలని లేదే," అంటుంది అమ్మ ఇప్పటికీ. కావచ్చు. అయినా ఆ సంగతి ఆరు పాటలూ విన్నాక ఆయన తేల్చాలి గాని, మనమెవరం?

ఆ వేసవిలోనే ఆంటీ ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయింది. ఆ బిల్డింగులు కూల్చి కొత్తవి కట్టారు. ఆరో పాటను ఆమె ఆ చలికాలమంతా, సాయంత్రం అమ్మ పని నుంచి వచ్చేలోపు, మా నేల కింద రోజూ సాధన చేసేది. వినపడకుండా నేను టీవీ సౌండ్ పెంచేదాన్ని. నలభైమందిలో అది విన్నదాన్ని నేనొక్కదాన్నే. మొదటి నాలుగు స్వరాలు దాటి ఏమీ గుర్తులేదు.